ఐరన్ బిల్లు మీద 2 శాతం సీడీ (క్యాష్ డిస్కౌంట్): పది రోజుల్లో కట్టేయాలా, ఎప్పటిలా ఆగాలా?

ప్రశ్న (రాయగడ నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశా రాయగడ. నాన్నగారు ఇరవై ఏళ్లుగా సివిల్ కాంట్రాక్టులు చేస్తున్నారు. అన్నీ చిన్న పనులే: స్కూలు గదులు, ప్రహరీలు, సీసీ రోడ్లు. మూడేళ్ల నుంచి లెక్కలు నేను చూస్తున్నాను. ఇప్పుడు ఒక హాస్టల్‌కి ఎనిమిది గదుల పని నడుస్తోంది. కాలమ్స్ లేస్తున్నాయి, వచ్చే నెల స్లాబు.

ఐరన్ మేం ఎప్పుడూ పార్వతీపురంలో ఒకే కొట్టులో తీసుకుంటాం. ఫోన్ చేస్తే లారీ కొమరాడ, కూనేరు మీదుగా వచ్చి సైటు దగ్గర దించేస్తుంది. అంతా ఖాతా బేరం. మాకు ఆర్‌ఏ బిల్లు (జరిగినంత పనికి మధ్యమధ్యలో వచ్చే బిల్లు) పడ్డాక ఆయనకి ఇస్తాం. ఈసారి వచ్చిన బిల్లు కింద మాత్రం ఊదారంగు సిరాతో కొత్త ముద్ర ఉంది: "10 రోజుల లోపు చెల్లిస్తే 2% సీడీ. 30 రోజులు దాటితే ఏడాదికి 24% వడ్డీ."

బిల్లు ఇదీ. ఆరు టన్నులు, కిలో 55 రూపాయలు, సరుకు విలువ 3,30,000. ఆంధ్రా నుంచి ఒడిశాకి కాబట్టి ఐజీఎస్టీ 18 శాతం, 59,400. మొత్తం 3,89,400.

మా బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్, కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) లిమిట్ 15 లక్షలు. అందులో 10 లక్షల 40 వేలు వాడేశాం. వడ్డీ 12 శాతం. శనివారం శనివారం కూలీలకి, మేస్త్రీలకి 45 వేలు కావాలి. హాస్టల్ బిల్లు కొలతలు రాసి మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించారు గానీ డబ్బు ఎప్పుడు పడుతుందో ఆఫీసులో ఎవరూ చెప్పడం లేదు. పడినా టీడీఎస్, జీఎస్టీ టీడీఎస్, లేబర్ సెస్సు, సెక్యూరిటీ డిపాజిట్ అన్నీ కోసుకున్నాక వచ్చేదే.

నాకు అర్థం కానిది ఒకటే. బ్యాంకులో 12 శాతానికి తెచ్చి కొట్టులో 2 శాతం మిగుల్చుకోవడం ఏం లెక్క? నాన్నగారూ అదే అంటున్నారు: "రెండు శాతం కోసం చేతిలో డబ్బు ఊడ్చేసుకుంటామా? ఇరవై ఏళ్లలో ఆయన మనల్ని ఒక్కసారీ తొందరపెట్టలేదు." కానీ ఆ ముద్ర చూసిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. ఆ 2 శాతం పన్ను మీద కూడా వస్తుందా? పది రోజులు ఎప్పటి నుంచి లెక్క? బిల్లు తేదీ శనివారం, లారీ వచ్చింది మంగళవారం.

జవాబు (జయపురం, సివిల్ కాంట్రాక్టరు)

అమ్మా, ఆ 12, ఈ 2 రెండూ శాతాలే గానీ వాటి కొలత ఒకటి కాదు. బ్యాంకు 12 ఏడాదికి. కొట్టాయన 2 ఇరవై రోజులకి. పదో రోజు ఇవ్వాల్సిన డబ్బుని ముప్పయ్యో రోజు దాకా మీ దగ్గర ఉంచుకున్నందుకు ఆయన పుచ్చుకునే అద్దె అది.

మన వైపు వడ్డీ అంటే నెలకి నూటికి ఎంత అనే కదా చెప్పుకుంటాం. ఆ లెక్కలోకి మార్చండి. నూరు రూపాయల బిల్లుకి పది రోజుల్లో అయితే 98 చాలు. ఆ 98 ఇంకో ఇరవై రోజులు ఆపితే 2 రూపాయలు అదనం. నెలకి చూస్తే 3 రూపాయలు దాటుతుంది. అంటే మూడు రూపాయల వడ్డీ, ఏడాదికి 37 శాతం పైమాట. మీ బ్యాంకుది రూపాయి వడ్డీ. సీడీ వదిలేస్తే, రూపాయి వడ్డీ అప్పు చేతిలో ఉంచుకుని మూడు రూపాయల వడ్డీ అప్పు వాడుకుంటున్నట్టు.

మీ బిల్లులో ఒక చిన్న మెలిక ఉంది. సీడీ మామూలుగా సరుకు విలువ మీదే ఇస్తారు, పన్ను మీద ఇవ్వరు. మీరు ముందుగా కట్టేది మాత్రం పన్నుతో కలిపి. కాబట్టి మిగిలేది 6,600, కట్టేది 3,82,800. ఈ లెక్కన మూడు కాదు, రెండున్నర రూపాయల వడ్డీ పైన పడుతుంది. అయినా బ్యాంకు కంటే చాలా ఎక్కువ.

మీ సీసీలో 3,82,800 మీద వడ్డీ రోజుకి 126 రూపాయలు. ఇరవై రోజులకి 2,517. సీడీ 6,600 లోంచి అది తీసేస్తే 4,083 మిగులు. ఇదే డబ్బు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే 1,566 మిగులుతుంది, మూడు రూపాయలకి తెస్తే చేతి నుంచి పోతుంది. పదిహేను వందల కోసం బయటివాళ్ల గుమ్మం ఎక్కొద్దు. సీసీలో చోటు ఉంటేనే కట్టండి.

అందులోనూ కూలి డబ్బు ముట్టుకోవద్దు. ఒకసారి సిమెంటు మీద సీడీకి ఆశపడి ఖాతా మొత్తం ఖాళీ చేశాను. ఆ శనివారం సెంట్రింగు మేస్త్రికి సగమే ఇచ్చాను. సోమవారం అతను తన మనుషులతో ఇంకో సైటుకి వెళ్లిపోయాడు. మళ్లీ బతిమాలి తెచ్చుకునేసరికి పదకొండు రోజులు. సెంట్రింగు షీట్ల అద్దె ఆ పదకొండు రోజులూ నడుస్తూనే ఉంది. కనీసం నాలుగు వారాల కూలి, మీ లెక్కన 1,80,000, పక్కన పెట్టాకే మిగతాది చూడండి.

జవాబు (పర్లాకిమిడి, ఐరన్ సిమెంటు వ్యాపారి)

నేను అమ్మేవాడి వైపు నుంచి చెబుతాను. మేం సీడీ ఊరికే ఇవ్వం. మాకు సరుకు ఇచ్చే డిస్ట్రిబ్యూటరు కూడా వెంటనే డబ్బు పంపితే మాకు సీడీ ఇస్తారు. మీరు పది రోజుల్లో ఇస్తే ఆ డబ్బుతో తర్వాతి లోడు తెచ్చుకుని అక్కడ నేను సీడీ తీసుకుంటాను. మీరు మూడు నెలలు ఆపితే నేను బ్యాంకులో వడ్డీ కట్టుకుంటూ కూర్చోవాలి. మీ పార్వతీపురం ఆయన ఇరవై ఏళ్ల ఖాతాదారులకి కూడా ముద్ర కొట్టి పంపారంటే ఆయన లిమిట్ కూడా నిండిపోయి ఉంటుంది. మిమ్మల్ని అనుమానించి కాదు. ఆయన మీద కోపం పెట్టుకోకండి.

పది రోజులు ఎప్పటి నుంచి అన్నారు. మా కంప్యూటరు బిల్లు తేదీ నుంచే లెక్క కడుతుంది. లారీ మూడు రోజులు ఆగినా దానికి తెలియదు. అందుకే ఈ మాట ముందే ఫోన్‌లో అడిగి, వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకోండి. నేనైతే సరుకు దిగిన తేదీ నుంచి ఇస్తాను, అడిగినవాళ్లకి. చెక్కు ఇస్తే మీరు రాసిన రోజు కాదు, మా ఖాతాలో డబ్బు పడిన రోజే లెక్క. 2 లక్షలు దాటితే ఆర్‌టీజీఎస్ చేయండి. 2020 డిసెంబరు నుంచి అది ఆదివారాలు, సెలవులు అన్నిటా 24 గంటలూ నడుస్తోంది. "పదో రోజు సెలవు వచ్చింది" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి. క్యాష్ డిస్కౌంట్ అనేసరికి కొంతమంది సంచిలో నోట్లు తెస్తారు. అది ఆ క్యాష్ కాదు, త్వరగా ఇవ్వడం అని మాత్రమే. ఒక రోజులో ఒకరికి 10,000 దాటి నోట్లు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో మీకు ఆ ఖర్చు పోతుంది. 2 లక్షలు, ఆపైన నోట్లు పుచ్చుకుంటే తప్పు నా మీదకే వస్తుంది.

మొత్తం కట్టలేకపోతే కొంత భాగమైనా పది రోజుల్లో కట్టి, ఆ భాగానికి సీడీ అడగండి. చాలామంది అడగరు. నన్ను అడిగితే ఇస్తాను.

రాయగడ నుంచి

మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రోజుకి 126 రూపాయలు అన్న మాట నాకు బాగా పట్టింది. దాంతో రాత్రి కూర్చుని పాత లెడ్జరు తిరగేశాను. ఈ కొట్టుకి మేం కట్టిన ఆఖరి నాలుగు బిల్లులు బిల్లు తేదీ నుంచి 71, 84, 66, 79 రోజులకి కట్టాం. సగటున 75 రోజులు. ఆయన ఒక్క రూపాయి వడ్డీ తీసుకోలేదు. మరి నిజంగా ఆగేది ముప్పై రోజులు కానప్పుడు ఇరవై రోజుల లెక్క మాకు ఎలా సరిపోతుంది? నాన్నగారి మాటే కరెక్టేమో అనిపిస్తోంది.

జవాబు (జయపురం)

శభాష్ తల్లీ, అడగాల్సింది అడిగావు. కాగితం మీది గడువు కాదు, మనం నిజంగా ఎన్నాళ్లకి ఇస్తున్నామో అదే లెక్క.

75వ రోజు బదులు పదో రోజు కడితే 65 రోజులు ముందు. సీసీ వడ్డీ 8,180. సీడీ 6,600. అంటే 1,580 నష్టం. ఇంకోలా చూస్తే 6,600 ని 126 తో భాగించు, 52 రోజులు వస్తుంది. పదో రోజు మీద 52 కలిపితే 62. కొట్టాయన 62 రోజులు దాటి, వడ్డీ లేకుండా, రేటు పెంచకుండా ఆగుతున్నాడంటే సీడీ వద్దు. అంతకన్నా ముందే ఇవ్వాల్సి వస్తే సీడీ తీసుకో.

పైకి చూస్తే నాన్నగారిదే గెలుపు. కానీ నేను "రేటు పెంచకుండా" అన్నాను చూడు, నా సొంత దెబ్బ అక్కడే తగిలింది.

చాలా ఏళ్ల కిందట కొరాపుట్‌లో ఒక స్కూలు పని. ఐరన్ అంతా ఒకే కొట్టు, ఖాతా. వంద రోజులైనా ఆ సేటు నవ్వుతూ "పర్లేదు బాబూ" అనేవాడు. అదే వారం మా మేనల్లుడు ఇల్లు కట్టుకుంటూ అదే కొట్టులో ఐరన్ తీశాడు. వాడు డబ్బు ముందే కట్టేశాడు. భోజనాల దగ్గర మాటల్లో మాటగా రేటు చెప్పాడు. నాకు పడిన దాని కంటే కిలోకి రూపాయిన్నర తక్కువ. నేను నమ్మలేదు. లేచి వెళ్లి రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకే కంపెనీ, ఒకే 12 ఎంఎం, మూడు రోజుల తేడా. నా లోడు తొమ్మిది టన్నులు. 13,500 రూపాయలు. నేను ఉచితం అనుకున్న అప్పుకి అది వడ్డీ. బిల్లులో వడ్డీ అని ఎక్కడా రాసి ఉండదు. కిలో రేటులో కలిసిపోయి ఉంటుంది. పైగా దాని మీద 18 శాతం పన్ను కూడా కట్టాను.

అందుకని కొట్టాయన్ని ఒక్క మాట అడుగు: "పది రోజుల్లో ఇచ్చేవాళ్లకి మీరు చెప్పే రేటు ఎంత?" అప్పుడు పార్వతీపురంలోనే ఇంకో కొట్టులో కూడా అదే ప్రశ్న వేయి. కిలోకి రూపాయి తేడా ఉన్నా నీ ఆరు టన్నుల మీద 6,000. దాని ముందు 1,580 ఎంత?

ఆ ముద్రలో రెండో వాక్యం కూడా మరిచిపోవద్దు. ఆయన దాన్ని నిజంగా అమలు చేస్తే 30 నుంచి 75వ రోజు దాకా 24 శాతం చొప్పున 11,500 పైన అవుతుంది. పాత అలవాటు కొత్త ముద్ర కింద చెల్లుతుందనుకోవద్దు. అడిగి తేల్చుకో.

జవాబు (బరంపురం, అకౌంటెంటు)

మేడమ్, పన్ను సంగతి నేను చెబుతాను.

సీడీ రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఒకటి, జీఎస్టీ కలిపిన క్రెడిట్ నోటు (బాకీ ఇంత తగ్గించామని కొట్టువాళ్లు ఇచ్చే కాగితం). అప్పుడు మీకు 6,600 తో పాటు దాని మీద పన్ను 1,188 కూడా తగ్గుతుంది. కానీ మీ ఐటీసీలో (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేది) ఆ 1,188 వెనక్కి ఇవ్వాలి. రెండోది, జీఎస్టీ లేని కమర్షియల్ క్రెడిట్ నోటు. 6,600 మాత్రమే తగ్గుతుంది, మీ 59,400 ఐటీసీ మొత్తం మీదే. వెనక్కి ఇవ్వక్కర్లేదు. 2019 మార్చిలో వచ్చిన జీఎస్టీ 92వ నంబరు సర్క్యులర్‌లో అమ్మకం తర్వాత ఇచ్చే డిస్కౌంట్ల సంగతి ఉంది, 2025 సెప్టెంబరులో ఐటీసీ విషయం మళ్లీ స్పష్టంగా చెప్పారు. మీరు ఐటీసీ వాడుకునేవాళ్లైతే రెండు దారుల్లోనూ మిగిలేది 6,600 మాత్రమే. రెండోదాంట్లో పని తక్కువ. కొట్టువాళ్లు ఎక్కువగా అదే ఇస్తారు. ఐటీసీ లేని జీఎస్టీ పద్ధతి అయిన కాంపోజిషన్‌లో ఉంటే మాత్రం మొదటిదే లాభం.

నేను ఎక్కువగా చూసే తప్పు వేరు. కాంట్రాక్టర్లు తామే 2 శాతం కోసుకుని మిగతాది పంపించేస్తారు, క్రెడిట్ నోటు అడగరు. మార్చి నెలాఖరుకి కొట్టువాళ్ల లెడ్జరులో ఆ 6,600 బాకీగా కనిపిస్తుంది. మీ పుస్తకంలో ఉండదు. అప్పుడు ఏ బిల్లుదో ఎవరికీ గుర్తుండదు. డబ్బు పంపిన రోజే, బిల్లు నంబరు వేసి నోటు పంపమని అడగండి. మీ పుస్తకంలో బిల్లుని పూర్తి మొత్తంతోనే ఎక్కించి, తగ్గినదాన్ని డిస్కౌంట్ వచ్చినట్టు విడిగా రాయండి.

ఆగడానికి కూడా హద్దు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి కట్టకపోతే ఆ ఐటీసీని వడ్డీతో వెనక్కి కట్టాలి. కట్టాక మళ్లీ తీసుకోవచ్చు గానీ వడ్డీ పోయినట్టే. మీది 75 రోజులే కాబట్టి భయం లేదు.

మీ సైటుకి ఫ్లై యాష్ ఇటుకలు కూడా వస్తుంటాయి కదా. ఇటుకలు తయారుచేసేవాళ్లకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే వాళ్లకి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం రక్షణ ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. ఆదాయపు పన్నులో కూడా కట్టిన ఏడాదికే ఆ ఖర్చు ఇస్తారు. ఐరన్ కొట్టులాంటి కొని అమ్మే వ్యాపారానికి ఆ ఆలస్యపు వడ్డీ రక్షణ వర్తించదు. చేతిలో డబ్బు కొద్దిగానే ఉంటే ముందు ఇటుకల బాకీ తీర్చండి, తర్వాతే ఐరన్ సీడీ.

రాయగడ నుంచి

ఇటుకల సంగతి నాకు అసలు తెలియదు. చూస్తే ఒక బిల్లు 38 రోజులది ఉంది. 41,000. నిన్ననే కట్టేశాం.

పార్వతీపురం ఫోన్ చేశాను. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్‌లో పెట్టాను. పది రోజుల్లో ఇచ్చేవాళ్ల రేటు ఎంతండీ అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీకు కాబట్టి దాచకుండా చెబుతానమ్మా, 54" అన్నారు. మాకు 55 పడింది. మన జయపురం పెద్దాయన చెప్పినట్టు ఆ రూపాయే మా 75 రోజులకి కడుతున్న వడ్డీ. నాన్నగారు ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం పాత బిల్లులన్నీ తీయమన్నారు. ఇద్దరం కూర్చుని రెండేళ్ల ఐరన్ టన్నులు కూడాం. 31 టన్నులు.

ఆయన మంచివారు, చివరికి అన్నీ ఒప్పుకున్నారు. పది రోజులు మంగళవారం సరుకు దిగిన దగ్గర్నుంచి లెక్క. సీడీ సరుకు విలువ మీదే. కొంత భాగం కట్టినా ఆ భాగానికి సీడీ ఇస్తారు. ఈ లోడు రేటు 55 మారదు, కానీ స్లాబుకి వచ్చే నాలుగు టన్నులు 54 కి ఇచ్చి, పది రోజుల్లో కడితే దాని మీదా 2 శాతం తగ్గిస్తామన్నారు. ఆ మాట వాట్సాప్‌లో రాయించుకున్నాను.

సీసీలో మిగిలింది 4,60,000. ఇటుకలకి 41,000 పోయింది. నాలుగు వారాల కూలి 1,80,000 పక్కన పెట్టాం. ఇక ఐరన్‌కి 2,39,000 మాత్రమే ఉంది. ఆరు టన్నుల్లో నాలుగింటికి పన్నుతో 2,59,600, సీడీ 4,400 పోగా 2,55,200 కావాలి. పదహారు వేలు తక్కువ. అమ్మ చీటీ డబ్బు ఇస్తానంది. నాన్నగారు తీసుకోలేదు. మూడున్నర టన్నులకి కడదాం అన్నారు. 2,27,150 అయింది. దానికి సీడీ 3,850 పోగా 2,23,300. సరుకు దిగిన తొమ్మిదో రోజు పొద్దున్నే ఆర్‌టీజీఎస్ చేశాం. సాయంత్రానికి క్రెడిట్ నోటు వచ్చింది, జీఎస్టీ లేనిది, బిల్లు నంబరు వేసి. మిగతా రెండున్నర టన్నులకి 1,62,250 ముప్పై రోజుల లోపు ఇవ్వాలి. హాస్టల్ బిల్లు ఇంకా పడలేదు, నాన్నగారు ఆఫీసుకి రేపు మళ్లీ వెళ్తున్నారు.